దాసురాలనైన ప్రభుదాసు

తీతు అయ్యగారిని ఎవరైనా పెద్ద ప్రశ్న అడిగితే ఆయన నోట మొదట వచ్చే మాట, "భోంచేశావా?" అని. లేదంటే తిని రమ్మంటారు. తిన్నానంటే ఏం కూరని అడుగుతారు. ఈలోగా ప్రశ్నలో ఉన్న వేడి సగం చల్లారుతుంది. మిగిలిన సగానికి ఆయన మాటతో జవాబు చెప్పగా విన్నవాళ్ళు తక్కువ. ఎవరినో పలకరించడానికి పోతూ వెంట రమ్మంటారు, లేకపోతే తానే వెంట వస్తారు. అక్కడ ఏదో ఒకటి జరుగుతుంది. జరిగిందే జవాబని కొందరు గ్రహించారు. తక్కినవాళ్ళు, పాపం, అయ్యగారికి వయసు మీద పడిందనుకున్నారు.

కెజియా ఈ రెండో గుంపులో కలవడానికి సిద్ధంగా ఉన్న రోజున ఆయన ఇంటికి వచ్చింది. ఏ ప్రశ్నకైనా మూడు అంశాల్లో జవాబుంటుందని నేర్పే బైబిలు కళాశాలలో చదువుకున్న పిల్ల ఆమె. భోంచేశానని, గోంగూర రొయ్యలని ముందే చెప్పేసి, ఇక తప్పించుకోవడానికి దారి లేకుండా సూటిగా అడిగింది.

"అయ్యగారూ, నాకు తెలిసిందంతా అతనికి నేర్పాను. శిష్యుడు సిద్ధమయ్యాడని నేర్పినవాళ్ళకి ఎలా తెలుస్తుంది? గుర్తేమిటి?"

ఆయన ఆదివారం ఆరాధన ఎన్నింటికి మొదలవుతుందని అడిగారు. కెజియాకు ఒళ్ళు మండింది కానీ, చెప్పింది.

కెజియా ప్రశ్న వెనక ఒక తాళంకప్ప ఉంది. కొఠారుపాలెం ఉప్పు మళ్ళలో పనిచేసేవాళ్ళ పల్లె. అక్కడ మొదటి గుడి, తాటాకు పాకలో, తీతు అయ్యగారే కుర్రతనంలో పెట్టారు. తర్వాత పాక పోయి రేకులు వచ్చాయి, బోధకులు వచ్చారు, పోయారు. చివరగా వచ్చింది కెజియా. పెంతెకొస్తు పండుగ కాగానే ఆమెకు వేరే ఊరు బదిలీ. ఆమె స్థానంలో ఇంకొకరిని పంపే స్తోమత తమకు లేదని పట్నంలోని పెద్ద సంఘం కమిటీ తేల్చి చెప్పింది. పల్లెలోనే ఆరాధన నడిపే ఉపదేశిగా నిలబడగలవాడు ఒకడుంటే గుడి ఉంటుంది. లేకపోతే తాళం వేసి, అందరూ పట్నం గుడికి రావాలి. వయసులో ఉన్నవాళ్ళకి అది ఆటో ఎక్కితే అందే దూరమే. కర్ర పట్టుకుని గుడి మెట్టెక్కే మార్తమ్మలాంటి వాళ్ళకి మాత్రం, ఇక రావద్దమ్మా అని మర్యాదగా చెప్పడమే. అలాంటి ఉపదేశి ఉన్నాడా లేడా అన్నది తేల్చే పని కమిటీ తీతు అయ్యగారికి వదిలింది. ఆయన సరేనంటే సరే.

కెజియా చూపించదలచిన మనిషి ప్రభుదాసు. హైవే పక్కన పంక్చర్లు వేసే షాపు అతనిది. ఆమె స్కూటీకి పంక్చరు వేస్తూ వేస్తూ, ఆమె చేతిలో ఉన్న పుస్తకమేమిటని అడిగి, ఆ తర్వాత పంక్చరు లేకపోయినా అడగడానికి వచ్చి, చివరికి బాప్తిస్మం దాకా వచ్చినవాడు. వయసులో ఆమెకంటే పెద్ద. అయినా ఆమె ముందు చిన్నపిల్లాడిలా కూర్చునేవాడు. రోజూ షాపు తెరవక ముందే వాక్యం చదివించి, భాగాలు విడదీయడం, ఎక్కడ ఆగాలి, ఎక్కడ గొంతు తగ్గించాలి, ప్రార్థన ఎలా మొదలుపెట్టి ఎలా ముగించాలి, అన్నీ ఆమె నేర్పింది. అతను చెవితో నేర్చుకునే మనిషి. విన్నది విన్నట్టు దింపేసేవాడు. ఆమె ప్రసంగం మధ్యలో పైట సర్దుకునే చోట అతను భుజం మీది తువ్వాలు సర్దుకునేవాడు. కళ్ళు మూసుకుని వింటే సిస్టరమ్మే చెబుతున్నట్టుంటుందని ఆడవాళ్ళు మెచ్చుకున్నారు. కుర్రాళ్ళు చాటున 'సిస్టరయ్య' అని పేరు పెట్టారు. ఆ పేరు కెజియా చెవిన కూడా పడింది. అందులోని వెక్కిరింత అతనికీ, మెప్పు తనకీ చెందుతాయని ఆమె లోలోపల అనుకుంది. నేర్పేవాళ్ళలో చాలామంది ఇలాగే పంచుకుంటారు.

ఇంకొక సంగతి కూడా చెప్పుకోవాలి. ఆమె వచ్చిన కొత్తలో కొఠారుపాలెం ఆరాధన సంతలా ఉండేది. అన్నం పొంగిందేమోనని ఒకావిడ లేచిపోయేది, బీడీ కోసం ఒకాయన లేచిపోయేవాడు, లేచినవాళ్ళను వెతకడానికి ఇంకొకరు. కెజియా నెలల తరబడి పోట్లాడి ఒక నియమం నిలబెట్టింది. ఆశీర్వాదం చెప్పేదాకా ఎవరూ లేవకూడదు. ఆశీర్వాదానికి ముందు లేచిపోయినవాడు వడ్డించిన విస్తరి ముందు నుంచి లేచిపోయినవాడని చెప్పి మరీ నిలబెట్టింది. ఇప్పుడు చంకలో పిల్ల ఏడ్చినా తల్లి కూర్చునే ఊపుతుంది. ఈ ఊళ్ళో తాను సాధించిందేమిటని ఎవరైనా అడిగితే, ఆమె మొదట చెప్పేది ఇదే.

ఆదివారం తీతు అయ్యగారు వచ్చారు. ముందు కుర్చీ వేస్తే వద్దని, మగవాళ్ళ వైపు చివరి చాప మీద, గోడకి వీపు ఆనించి కూర్చున్నారు. కెజియా ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చుంది. ఆ రోజు పాట దగ్గర నుంచి ఆశీర్వాదం దాకా అన్నీ ప్రభుదాసే నడపాలని ఏర్పాటు. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, భుజాన తెల్ల తువ్వాలుతో మైకు ముందు నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. కెజియా ఎలా మొదలుపెడుతుందో అచ్చం అలాగే మొదలుపెట్టాడు.

"పరలోకమందున్న తండ్రీ, నీ దాసురాలనైన నేను నీ సన్నిధిని వణకుచు నిలిచియున్నాను."

కెజియా కళ్ళు తెరిచింది.

పొరపాటున విన్నానేమో అనుకుంది. అతను రెండోసారి అన్నాడు. నీ దాసురాలనైన నన్ను నీ పనిముట్టుగా వాడుకొనుము. గొంతులో తడబాటు లేదు, ఆమె తగ్గించే చోట తగ్గింది, ఆమె ఆగే చోట ఆగింది. మీసాలున్న మనిషి, ముగ్గురు పిల్లల తండ్రి, పేరులోనే తండ్రి పెట్టిన దాసు ఉన్నవాడు, దేవుడి ముందు నిండు మనసుతో దాసురాలయ్యాడు. గుడి ఘొల్లుమంటుందని ఆమె ఎదురుచూసింది. ఎవరూ నవ్వలేదు. అందరూ ఆమేన్ అన్నారు. వెనక గోడ దగ్గర నుంచి తీతు అయ్యగారి ఆమేన్ కూడా వినిపించింది. ఎంతో కాలంగా ఆమె ఈ మనిషి ప్రార్థన వింటూనే ఉంది. అందులో తన రాగం వినిపించినంత మేరకు సంతోషించింది. మాట వినలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. స్తుతి ప్రార్థనలకు అవకాశమిస్తే, కొఠారులో లారీలకు ఉప్పు ఎత్తే కుర్రాడు ఒకడు లేచి, తానూ దాసురాలినేనని దేవుడికి మనవి చేసుకున్నాడు. ఈ పల్లెలో ఆ మాటకి ఆడా మగా లేదని, ఆమేన్‌లాగా అది కూడా ప్రార్థనలో ఒక పలుకైపోయిందని కెజియాకి అర్థమైంది. ఆమె ఎక్కడ నిలబడి ప్రార్థించడం నేర్పిందో అక్కడ అందరూ నిలబడ్డారు, ఆమె చెప్పుల్లోనే కాళ్ళు పెట్టి. తల ఎత్తలేకపోయింది. ఆరాధన అవగానే అతన్ని కూర్చోబెట్టి దాసుడు, దాసురాలు తేడా ఎలా చెప్పాలో మనసులో వాక్యాలు కూర్చుకుంటూ ఉండగా, వెనక నుంచి మార్తమ్మ కర్ర ఆనించుకుని లేచింది. ఈ గుడిలో అందరికంటే ముందు బాప్తిస్మం పొందిన మనిషి ఆవిడ. పళ్ళు లేని నోటితో, ఎవరికీ భయపడని గొంతుతో అంది.

"నాయనా, నీ దాసుడనైన నేను బతికుండగా ఈ గుడికి తాళం పడనీకు."

కెజియా గిరుక్కున వెనక్కి తిరిగింది. మార్తమ్మకి ప్రార్థన నేర్పిందెవరో ఆమెకి తెలుసు. తీతు అయ్యగారు అవసరమైన దానికంటే గట్టిగా కళ్ళు మూసుకుని ఉన్నారు.

ప్రభుదాసు వాక్యం అందుకున్నాడు. మూడు అంశాలు. మొదటిది బాగా జరిగింది. రెండోదాని మధ్యలో కిటికీలో వెలుతురు తగ్గింది. ఎండాకాలం అలవాటుగా వచ్చే మబ్బే అనుకున్నారు. అంతలో గాలి లేచి, రేకుల కింద చొరబడి, ఒక్కసారి గుడి మొత్తం మోగింది. తూర్పు వైపు కిటికీలోంచి చూస్తే ఉప్పు మళ్ళు కనిపిస్తాయి. ఆ వారమంతా లాగిన ఉప్పు గట్ల మీద కుప్పలుగా, తెల్లగా, పైన ఏ కప్పూ లేకుండా ఆరుతోంది. వాన పడే రోజులు కావు కాబట్టి కుప్పల మీద కప్పే నీలం బరకాలన్నీ ఇళ్ళల్లో మడతల్లోనే ఉన్నాయి. ఒక్క జల్లు గట్టిగా పడితే చాలు, ఆ తెలుపు వచ్చిన చోటికే పోతుంది.

అందరూ కిటికీ వైపు చూశారు. ఎవరూ లేవలేదు. మార్తమ్మ చాప అంచు పిడికిట్లో పట్టుకుంది. ఆవిడ కొడుకు చనిపోయాడు. కోడలు, తానూ కలిసి లాగిన కుప్ప ఒడ్డునే ఉంది. మగవాళ్ళ వైపు కూర్చున్న ఒకాయన మోకాళ్ళ మీదికి లేచి, కెజియా వైపు చూసి, మళ్ళీ కూర్చున్నాడు. మూడో అంశం మిగిలి ఉంది. తర్వాత పాట, కానుక, ప్రకటనలు, ఆ పైన ఆశీర్వాదం. నియమం ఎంత చక్కగా నిలబడిందో కెజియాకి అంత స్పష్టంగా ఎన్నడూ కనిపించలేదు.

ప్రభుదాసు మాట ఆపేశాడు. వెళ్ళమనాలో కూర్చోమనాలో తేల్చాల్సింది మైకు ముందున్నవాడు. అతను కెజియా వైపు చూశాడు. పరీక్ష గదిలో ప్రశ్నపత్రం తిప్పి చూసి, పాఠంలో లేనిదొకటి కనపడినవాడి చూపు అది. కెజియా చెయ్యి ఎత్తి లేవండి అంటే ఉప్పు దక్కుతుంది, కానీ వెనక గోడకి ఆనుకున్న మనిషి ముందు ప్రభుదాసు పని అయిపోతుంది. అనకపోతే ఉప్పే పోతుంది. ఇందులో ఆలోచించడానికేమీ లేదనుకుని ఆమె చెయ్యి ఎత్తబోయింది.

"అమ్మా కెజియా," అన్నారు వెనక నుంచి తీతు అయ్యగారు. "గొంతు ఆరిపోతోంది. కాసిని మంచినీళ్ళు."

ముందు వరసలో సీసా ఉంది. ఆమె అది చూపించింది. సీసా నీళ్ళు తనకి పడవని, కుండ నీళ్ళు కావాలని ఆయన తాపీగా చెప్పారు. కుండ బయట, వెనక వసారాలో ఉంది. పెద్దాయన నోరు తెరిచి నీళ్ళడిగితే కాదనే అలవాటు ఆ గుడిలో ఎవరికీ లేదు. కెజియా లేచి, అందరి కళ్ళ ముందు నుంచి, గడప దాటి బయటికి వెళ్ళింది. నియమం నిలబడ్డాక కొఠారుపాలెంలో ఆశీర్వాదానికి ముందు లేచిపోయిన మొదటి మనిషి, దాన్ని పెట్టిన మనిషే.

కుండ మీది పళ్ళెం తీసి చెంబు ముంచుతుంటే లోపల మైకులో ప్రభుదాసు గొంతు మొదలైంది. "నీ దాసురాలనైన..." అని, అక్కడే ఆగిపోయింది. చెంబు పట్టుకున్న చెయ్యి కదపకుండా ఆమె విన్నది. ఆ మాట తర్వాత వచ్చే మాటలన్నీ ఆమె నేర్పినవే. వాటిలో ఉప్పు లేదు, వాన లేదు, మార్తమ్మ లేదు. మొదటి చినుకు వసారా మెట్టు మీద పడింది. ఈసారి వినిపించిన గొంతు మైకులోంచి రాలేదు. షాపు ముందు లారీ డ్రైవర్లతో మాట్లాడే గొంతు అది.

"నా మొహం ఏం చూస్తారు, లెగండి. ఇక్కడ కూర్చుని అక్కడ కష్టాన్ని నీళ్ళు చేసుకోమని దేవుడు చెప్పలా. ముందు మార్తమ్మత్త కుప్ప. ఆశీర్వాదం గట్టు మీద తీసుకుందాం."

తలుపులు రెండూ ఒక్కసారే తెరుచుకున్నాయి. చెంబుతో నిలబడ్డ కెజియాని అటూ ఇటూ తోసుకుంటూ జనం పరుగెత్తారు. ఇళ్ళల్లోంచి బరకాలు, తాళ్ళు, ఎవరింట్లోదో దుప్పటి కూడా బయటికి వచ్చాయి. అందరూ పోయాక తీతు అయ్యగారు నింపాదిగా వచ్చి, చెంబు అందుకుని, ఒక్క గుక్క తాగి, అరుగు మీద పెట్టి, పంచె ఎగ్గట్టుకుని వాళ్ళ వెనకే బయల్దేరారు. కెజియా ఆయన వెంట నడుస్తూ, కాదు, వాదిస్తూ వెళ్ళింది. మూడో అంశం చెప్పనేలేదంది. కానుక పట్టలేదంది. ఆ మాట తాను సరిదిద్దుతానని, వ్యాకరణం ఒక్క వారంలో నేర్పగలనని, దాన్ని పట్టుకుని కమిటీకి కాదని చెప్పవద్దని బతిమాలింది. మార్తమ్మ దాసుడు సంగతి కూడా ఎత్తబోయి, పెద్దాయన కదా అని మింగేసింది. ఆయన గట్టు జారుడుగా ఉంది, చూసి అడుగెయ్యమని మాత్రం అన్నారు.

గట్టు మీద వాన ఏటవాలుగా కొడుతోంది. చివర ఉన్న రెండు కుప్పలు అప్పటికే కూలిపోయి, తెల్లటి నీళ్ళు మళ్ళలోకి దిగుతున్నాయి. వాటి తాలూకు మనుషులు ఒక్కసారి అటు చూసి, దగ్గరున్న కుప్పల వైపే వచ్చారు. మార్తమ్మ కుప్ప మీద బరకం వేస్తే గాలి లేపుతోంది, మళ్ళీ వేస్తే మళ్ళీ లేపుతోంది. నలుగురు నాలుగు వైపులా లాగిపట్టారు. తాడు ప్రభుదాసు చేతిలో ఉంది. ఇస్త్రీ చొక్కా ఒంటికి అతుక్కుపోయింది, తెల్ల తువ్వాలు ఎటు పోయిందో తెలీదు. ఆశీర్వాదం సంగతి ఎవరో గుర్తుచేశారు. అతను చేతులెత్తబోయాడు. ఎత్తితే తాడు పోతుంది. అలాగే, వంగి, తాడు బిగించి పట్టుకునే అన్నాడు.

"నాయనా, నీ కూలోళ్ళం. మా చేతులు ఖాళీ లేవు, ఎత్తలేం. పట్టుకున్నది జారనీకు. మా చేతికందనిది నువ్వు పట్టుకో. ఆమేన్."

గట్టు పొడుగునా ఆమేన్ అన్నారు. కెజియా కూడా అంది. దాసుడూ కాదు, దాసురాలూ కాదు. అది ఎవరి దగ్గర నేర్చుకున్నాడని ఆమె వెతికింది. తన పాఠాలన్నీ తిరగేసింది. ఎక్కడా దొరకలేదు. సంతోషించాలో నొచ్చుకోవాలో తేలక, జుట్టులోంచి కారే నీళ్ళు తుడుచుకుని, పక్కన నిలబడ్డ తీతు అయ్యగారి వైపు తిరిగింది.

"అయ్యగారూ, నేనడిగినదానికి మీరింకా జవాబు చెప్పలేదు. గుర్తేమిటన్నాను. అతను సిద్ధమేనా, కాదా?"

ఆయన నోరు తెరిచేలోపు కుప్ప అవతలి నుంచి ప్రభుదాసు కేక వినపడింది. ఇన్నేళ్ళుగా ఆమెతో వాడిన మర్యాద మాటలు ఆ వానలో ఎక్కడో జారిపోయినట్టున్నాయి.

"సిస్టరమ్మా, మాటలు తర్వాత. నీ పక్క కొస లేస్తోంది, తొక్కిపట్టు."

కెజియా కదలకుండా నిలబడి, అయ్యగారి మొహంలోకి చూసింది. ఆయన బరకం కొస వైపు చూస్తున్నారు.

"చెప్పాడుగా," అన్నారు. "తొక్కిపట్టు."